గంప ఎత్తలేని బెల్టు

ఇప్పుడు ఊరందరి నడుములకూ పొట్టబెల్టులే. సోఫాలో కూర్చుంటే చాలు, అదే వణికించి కండలు పెంచుతుందట. మావారి బెల్టయితే మాట్లాడుతుంది కూడా, రోజూ ఆయన్ని పేరు పెట్టి పిలిచి మెచ్చుకుంటుంది.

ఆడపడుచు కూతురు హరిణి పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతుర్ని గంపలో మండపానికి మోయాల్సిన మేనమామలు మావారూ, మరిదీ. ముందుగా అలవాటుకని గంపలో బియ్యం బస్తా పెట్టి ఎత్తించాను. మరిది వైపు లేచింది. మావారి వైపు లేవలేదు. బస్తా దొర్లింది.

"పదిమందిలో పిల్లని పడేస్తానేమోనే!" అన్నారు మావారు.

"బెల్టును గంపకు కట్టండి, లేస్తుందేమో," అన్నాను.

మరిది నవ్వాడు. "విప్పెయ్ అన్నయ్యా. పెళ్ళికింకా మూడు నెలలున్నాయి. రోజూ నాతో నడువు, నేలమీద పడుకుని మెల్లగా కాళ్ళెత్తు. ఊపిరి మాత్రం బిగబట్టకు."

పెళ్ళినాడు గంప రెండువైపులా సమానంగా లేచింది. మావారి పొట్ట ఎక్కడికీ పోలేదు. కాకపోతే ఇప్పుడది పనిచేస్తోంది.