బతికున్నోళ్ల లిస్టు

"లచ్చయ్యగారి ఇల్లు ఇదేనాండీ?"

గుమ్మం బయట ఎండకు కమిలిన మనిషి. కళ్లజోడు, చంకలో కాగితాల సంచి.

లోపల లచ్చయ్య ఫ్రిజ్ మీద దుప్పటి సరిగ్గా కప్పాడో లేదో ఒకసారి చూసుకున్నాడు.

నాలుగు నెలలుగా ఆయన ముసలి పింఛన్ ఆగిపోయింది. ఎల్బీ నగర్ వెనకున్న ఆ గల్లీలో మొత్తం నలభై మందిది ఆగింది. భార్య సుమిత్రమ్మ షుగర్ గోళీని రెండు ముక్కలు చేసి, ముక్క ఇయ్యాల, ముక్క రేపు అన్నట్టు మింగుతోంది.

గల్లీ లీడరు ఉపేంద్ర పొద్దున్నే వచ్చి చెప్పిపోయాడు.

"ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ మీటింగుకు రా పెద్దాయనా. మా పార్టీ అన్న మళ్ల ఇప్పిస్తడు. గీ లోపల ఎవడన్న కాగితాలు పట్టుకొని ఒస్తె పేరు చెప్పకు. ఇంట్ల ఫ్రిజ్ కనబడితె ఇగ జన్మల పింఛన్ రాకుండ కొట్టేసేటోళ్లు తిరుగుతున్నరు."

ఫ్రిజ్ అంటే మాటవరసకే ఫ్రిజ్. ఎవరో పారేస్తే మోసుకొచ్చుకున్నది. ఎలుకలకు భయపడి అందులో బియ్యం పోసుకుంటారు. అయినా సర్కారు కంటికి ఫ్రిజ్ ఫ్రిజ్జే కదా.

లచ్చయ్య బయటికొచ్చాడు.

"లచ్చయ్య లేడు సార్."

"ఎప్పుడొస్తారండీ?"

"ఇగ రాడు. సచ్చిపోయిండు. నేను ఆయన తమ్మున్ని."

వచ్చినాయన అరుగు మీద కూలబడ్డాడు.

"అయ్యో. ఎలా పోయారండీ?"

అబద్ధం మొదలుపెడితే సగంలో ఆపే రకం కాదు లచ్చయ్య.

"బాలాపూర్ గణేశ్ లడ్డూ వేలంపాట చూడబోయిండు సార్. రేటు ఇనంగనే గుండె ఆగింది. సావుకు నల్గొండ దిక్కు నుంచి రెండు బస్సుల జనం దిగిన్రు. గల్లీల నిలబడనీకి జాగ లేకపాయె."

వచ్చినాయన నవ్వలేదు. తలుపు చాటున ఉన్న సుమిత్రమ్మ వైపు తిరిగాడు.

"నిజమేనామ్మా?"

సుమిత్రమ్మ పుస్తెలు కొంగు కింద దాచుకొని, మొగుణ్ణి మింగేసేలా ఒక చూపు చూసి, తలూపింది.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కాగితం మీద ఒక పేరు కొట్టేశాడు.

"క్షమించండమ్మా. ఆలస్యం చేశాను."

అంతే, బస్టాపు దారి పట్టాడు.

లచ్చయ్య ఆయన పోయిన దిక్కే చూశాడు. పింఛన్ కొట్టేసేటోడు క్షమించమంటాడా? కొట్టేసేటోని కళ్లల్ల నీళ్లెందుకు?

"ఎదురుంగ గుండ్రాయి లెక్క నిలబడి నన్ను ముండమోపిని చేస్తివి గదనయ్యా," అంది సుమిత్రమ్మ.

"ఊకోవే. పింఛన్ కోసం సచ్చిన. ఒస్తె మళ్ల బతుకుత."

చీకటి పడేముందు పక్కింటి జంగయ్య వచ్చాడు.

"మన పింఛన్లు మళ్లొస్తున్నయట లచ్చన్నా. ఐదింటికి ఆఫీసుల ముప్పైతొమ్మిది మంది పేర్లిచ్చిండట కళ్లజోడు సారు. నీ ఒక్కని పేరే లేదేంది? నీ దగ్గరికి రాలేదా?"



"ఒచ్చిండు. ఏం పేర్లవి?"

"బతికున్నోళ్ల పేర్లు. మనల్నందర్ని సచ్చినట్టు రాసి ఆపిన్రంట. బతికున్నట్టు ఏలిముద్రలు తేవాలె, ఇయ్యాల్నే ఆఖరంట."

"మరి ఆ అన్న ఇప్పిస్తడని ఉపేంద్ర చెప్పె?"

"ఆపించిందే ఆ అన్న. పోయినసారి మన గల్లీ ఓట్లు ఆయనకు పడలే. ఇప్పుడు ఎలక్షన్ల ముంగట తనే ఇప్పించినట్టు చేసి దండ ఏయించుకుందామనుకున్నడు. గీ సారు అడ్డం పడ్డడు."

"ఏ పార్టీ మనిషి?"

"ఏ పార్టీ కాదు."

"మరి ఆయనకు మనమీద గంత పావురం, గంత ప్రేమ ఏంది?"

జంగయ్య అరుగు మీద కూర్చున్నాడు. ఇందాక ఆ సారు కూలబడ్డ చోటే.

"ఆ అన్నకు భయపడి మనల్ని సచ్చినట్టు రాసిన గుమాస్తా ఆయనే లచ్చన్నా, ఆ సంగతి పెద్దాఫీసుల ఒప్పుకున్నందుకే నౌకరి పోయింది."