ఎక్కకముందే కొనాల్సిన టికెట్

రైలైతే అందింది గానీ దెనిత్సా దగ్గర టికెట్ లేదు.

రైల్వే సిబ్బంది కార్డుంది, సగం చార్జీయే. కానీ ఆ టికెట్ ఎక్కకముందే, కౌంటర్లో కార్డు చూపించి కొనాలి. రైల్లో ఇవ్వరు. టికెట్ లేకుండా దొరికితే కార్డు పోతుంది, కొత్తవాళ్లకైతే ఉద్యోగమే పోతుంది.

దెనిత్సా చేరి ఇంకా మూడు నెలలే.

రైల్వేలో కొత్తగా చేరినప్పుడు నాన్న ఉద్యోగం కూడా ఇలాగే ఊడింది. ఆమె పుట్టిన రోజున, ఆసుపత్రికి పోయే తొందరలో ఆయన టికెట్ కొనలేదు. ఇన్‌స్పెక్టర్ బోజిలోవ్ కనికరించలేదు. ఆ పేరు తిట్టకుండా నాన్న ఏనాడూ భోజనానికి కూర్చోలేదు.

ఎదుటి సీట్లో ముసలాయన చీజు పెట్టిన బనిత్సా రొట్టె తింటున్నాడు. ఆమె పట్టుకున్న కార్డు మీద, ఇంటిపేరు దగ్గర ఆయన చూపు ఆగింది.

"టికెట్ ఏదమ్మాయ్?"

"మీకెందుకు తాతా?"

"లేదన్నమాట."

"మెల్లగా అనండి, మీకు పుణ్యముంటుంది! కౌంటర్ దగ్గర నిలబడితే రైలు పోయేది. డ్యూటీకి ఆలస్యమైతే అదో గండం."

"కండక్టర్ ఎక్కడున్నాడు?"

"పక్క పెట్టెలో. వచ్చేస్తాడు."

రైలు ఓ చిన్న స్టేషన్లో ఆగింది. ముసలాయన తింటున్నది వదిలేసి, చటుక్కున ఆమె కార్డు లాక్కుని, కర్ర ఊతంతో దిగిపోయాడు.

"దొంగ! దొంగ ముసలోడా! నా కార్డు!"

వెంటపడదామంటే ఈ రైలూ పోతుంది. టికెట్టూ లేదు, ఇప్పుడు కార్డూ లేదు. నాన్నకి ఏం చెప్పాలి?

ఈల వినిపించింది. రైలు కదిలింది.

ముసలాయన కుంటుకుంటూ కిటికీ వెంట పరుగెత్తుకొచ్చి, కార్డు ఆమె ఒళ్లో పడేశాడు. తను మాత్రం ఎక్కలేకపోయాడు.

కార్డు మడతలో టికెట్ ఉంది, ఆమె ఎక్కిన స్టేషన్ నుంచి, సగం చార్జీది.

అంతలోనే కండక్టర్ వచ్చాడు. టికెట్ చూసి, కిటికీలోంచి వెనక్కి తొంగిచూశాడు. ప్లాట్‌ఫాం మీద ముసలాయన కర్ర పట్టుకుని ఆయాసపడుతున్నాడు.

"ఇదేం చోద్యం! ఆ చండశాసనుడు ఎవరికోసం పరుగెత్తాడూ?"

"ఎవరండీ ఆయన? ఆయన్నే దొంగ అని అరిచేశాను."

"ఎరగవామ్మా? రిటైరైపోయాడులే, మన ఇన్‌స్పెక్టర్ బోజిలోవ్."