ఇరవైన్నర

ఫోన్లో మెసేజ్ చూడగానే జెమీమా చేతిలో అట్లకాడ గాల్లోనే ఆగిపోయింది.

“ఏమండీ, మనమే ఫస్ట్.”

బిల్డింగులో నలభై ఫ్లాట్లు. ఈ చలికాలం అందరికన్నా తక్కువ హీటింగ్ వాడింది పద్నాలుగో నంబరు ఫ్లాట్. అంటే వీళ్లదే. ఆ కిటుకేమిటో తెలుసుకుని మిగతా ముప్పైతొమ్మిది ఇళ్లకూ చెప్పడానికి బిల్డింగు బాగోగులు చూసే హౌసింగ్ అసోసియేషన్ నుంచి క్రిస్టఫర్ గారు మధ్యాహ్నం మూడింటికి వస్తారట.

ఫ్రెడీ మెసేజ్ రెండుసార్లు చదివాడు. భార్యను ఎత్తి గిర్రున తిప్పాడు. వంటగది ఇరుకు. ఆమె కాలు తగిలి చక్కెర డబ్బా బోర్లా పడింది. ఇద్దరూ నవ్వుకుంటూ నేల మీద కూర్చుని చక్కెర ఎత్తారు. పెళ్లయి అయిదు నెలలు. కింద పడిన చక్కెర ఎత్తడం కూడా వాళ్లకు పండగే. ఈలోగా అట్టు మాడింది. అదీ బాగానే ఉందనుకుని తిన్నారు.

ఇంత అన్యోన్యంగా ఉన్న ఇంట్లో మొన్న మొన్నటి దాకా ఒక యుద్ధం నడిచింది.

అక్టోబరులో జెమీమా బాపట్ల నుంచి వచ్చి ఇంగ్లండు న్యూకాసిల్లో దిగింది. ఆ వారమే మనుషులొచ్చి హాల్లో గోడకు గుండ్రటి డయల్ బిగించి వెళ్లారు. తిప్పితే అంకె వెలుగుతుంది. ఎంత వేడి కావాలంటే అంత అంకె పెట్టుకోవడమే. ఆరేళ్లుగా ఇక్కడి వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తున్న ఫ్రెడీ పద్దెనిమిది చాలన్నాడు. ఇరవైరెండుకి ఒక్క గీత తగ్గినా తన వేళ్లు తనవి కావంది జెమీమా.

ఆమె ఇరవైరెండు పెడితే అతను స్వెటర్ విప్పేసి టేక్‌అవే మెనూతో విసురుకునేవాడు.

“పెనం మీద కూర్చోబెట్టావు కదే.”

అతను పద్దెనిమిది పెడితే ఆమె రెండు జతల సాక్సులూ మంకీ క్యాపూ తగిలించుకుని సోఫాలో ముడుచుకునేది.

“నన్ను చేసుకున్నది ఫ్రిజ్‌లో దాచుకోవడానికాండీ?”

నవంబరు వచ్చేసరికి మాటలు తగ్గాయి. పాలు అయిపోయిన సంగతి కూడా చీటీ మీదే తెలిసేది. చివరికి కింది ఫ్లాట్ కృపమ్మ ఆంటీ పైకి వచ్చింది. చర్చిలో ఎన్నో కాపురాలు చక్కబెట్టిన చేయి ఆవిడది. ఇద్దరినీ చెరోపక్కనా కూర్చోబెట్టుకుంది.

“అబ్బాయ్, నువ్వు రెండు ఎక్కు. అమ్మాయ్, నువ్వు రెండు దిగు. ఇరవై. కొత్త పెళ్లికూతురు గనక ఇంకో అర డిగ్రీ. ఇరవైన్నర. ఇహ దాన్ని ముట్టుకున్నవాళ్లు నాతో మాట్లాడొద్దు.”

ఆ పూట నుంచే ఇల్లు మారిపోయింది. అతనికి చెమట లేదు. ఆమెకు ఒక జత సాక్సులు సరిపోయాయి. ఇరవైన్నరలో ఇంత సుఖముందని ఇన్నాళ్లూ ఎందుకు తెలియలేదా అని ఆశ్చర్యపోయారు.

మూడింటికి క్రిస్టఫర్ గారు వచ్చారు. నెల్లూరాయన. కళ్లజోడు, నోటు పుస్తకం. కాఫీ తాగుతూ అన్నీ అడిగి రాసుకున్నారు. తలుపు కింద సందులో పాత చీర చుట్టి పెట్టడం, చీకటి పడకముందే మందపాటి కర్టెన్లు దించేయడం. బాగుందన్నారు.

“మరి డయల్ ఎంతలో పెడతారు?”

“ఇరవైన్నర,” అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

“ఎప్పుడూ మార్చలేదా?”

జెమీమా కాఫీ కప్పులోకి చూసింది. అబద్ధం చెప్పి ఫస్ట్ రావడం ఆమెకు నచ్చలేదు. నిజం చెబితే ఫ్రెడీ ఇంకెప్పుడూ తనను నమ్మడేమో అనుకుంటూనే అతని వైపు తిరిగింది.

“మీరు డ్యూటీకి వెళ్లగానే ఇరవైనాలుగు పెట్టేదాన్నండీ. మీరొచ్చే ముందు తగ్గించేసేదాన్ని.”

 ఫ్రెడీ గొంతు సవరించుకున్నాడు.

“నువ్వు స్నానానికి వెళ్లినప్పుడల్లా నేను పదహారు పెట్టేవాణ్ణి.”

“అందుకేనా, బయటికి రాగానే నాకు దంతాలు టకటకలాడేవి?”

“అందుకేనా, నేను ఇంట్లో అడుగుపెట్టగానే ఉక్కపోసేది?”

ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. అయితే నవ్వు ఆగాక కూడా అసలు సంగతి తేలలేదు.

“అంకుల్, మీరే చెప్పండి,” అంది జెమీమా. “మేం గెలిచింది నా అంకె వల్లా, ఈయన అంకె వల్లా?”

“ఎవరిదంటే వాళ్లదే ఇకమీదట ఆ డయల్,” అన్నాడు ఫ్రెడీ. “జీవితాంతం. రెండోవాళ్లు ముట్టుకోకూడదు.”

“ఒప్పుకున్నా.”

క్రిస్టఫర్ గారు పుస్తకం మూసి లేచారు. డయల్‌ను అటూ ఇటూ తిప్పి చూశారు. మెల్లగా లాగితే అది గోడ నుంచి ఊడి చేతిలోకి వచ్చింది. వెనక్కి తిప్పి చూశారు. అంకె వెలిగించే చిన్న బ్యాటరీ కనిపించింది. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ఇద్దరూ ఆయన వెనకే నిలబడ్డారు.

“అమ్మాయ్, దీనికి అసలు వైరే కలపలేదు, అక్టోబరు నుంచీ మీ హీటింగ్ దానంతటదే పదిహేడు దగ్గర కదలకుండా ఉండిపోయింది, రేపు పొద్దున తొమ్మిదింటికి నేనే మనిషిని వెంటబెట్టుకొచ్చి కలిపిస్తాను.”