పిడికెడు బియ్యం

మణుగూరు దగ్గరి తండాలో ఉన్న రేకుల చర్చికి నెల రోజులుగా ఒక కొత్త మనిషి వస్తున్నాడు. గుమ్మం బయట చెప్పుల పక్కనే కూర్చుంటాడు. చివరి ఆమేన్ వినబడగానే లేచిపోతాడు.

తండా ఆడవాళ్లు వంటకు బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. ఆదివారం ఆ బియ్యాన్ని లేనివాళ్ల ఒడిలో పోస్తారు. ఆ వారం పంచే వంతు పూలిది.

పూలికి వేరే దిగులుంది. 2003లో ఆమె భర్తను బొగ్గు లారీ గుద్ది వెళ్లిపోయింది. మూడేళ్లయినా డ్రైవరు దొరకలేదు. ప్రభువు ప్రార్థనలో 'మాకు కీడు చేసినవాళ్లను మేము క్షమించినట్టు' అనే మాట రాగానే ఆమె నోరు మూతపడుతుంది.

"ఆ మాట అనకుంటే నా ప్రార్థన దేవునికి చేరదా, అయ్యగారు?" అని పాస్టరు రవీందర్‌ను ఎన్నిసార్లు అడిగిందో.

ఆ రోజు సంచి పట్టుకుని గబగబా గుమ్మం దగ్గరికి వెళ్లింది.

"తువ్వాల పట్టు, అన్నా."

కొత్త మనిషి వెనక్కి జరిగాడు. "నీ చేతి బియ్యం నాకొద్దమ్మా."

పూలికి ఒళ్లు మండింది. "ఏంది, లంబాడోళ్ల బియ్యమనా? యేసయ్య ఇంట్ల గూడ గీ అంటుముట్టేనా?"

"గట్ల కాదమ్మా."

"మరి పట్టు."

పట్టాడు. చేతులు వణికి సగం గింజలు నేలపాలయ్యాయి. పూలి కోపం కాస్తా దిగిపోయింది. పాపం, జ్వరమేమో అనుకుంది.

"నా కోసం ప్రార్థన చెయ్యమ్మా."

"పేరు చెప్పు."

"దేవునికి ఎరుకే."

పూలి అతని తలమీద చెయ్యి పెట్టింది. "ప్రభువా, ఈ అన్న ఏం తప్పు చేసిండో నాకు ఎరుక లేదు. ఏదున్నా మాఫ్ చెయ్యి."

అతను కింద పడ్డ గింజలన్నీ ఒక్కొక్కటే ఏరుకుని వెళ్లాడు.

మరుసటి ఆదివారం రాలేదు.

"బియ్యం పెడితే మొఖం చాటేసిండు," అంది పూలి నొచ్చుకుని.

"సోమవారం పొద్దుగాల్నే తనంతట తనే ఠాణాకు పోయి లొంగిపోయిండు," అన్నాడు పాస్టరు. "ఖమ్మం జైల్ల పెట్టిండ్రు. జామీను ఇద్దామంటే ఆయనకు ఎవ్వరూ లేరు."

"ఏం చేసిండని?"

"మీ ఆయనను గుద్దిన లారీ నడిపింది ఆయనే, పూలమ్మా."

పూలి గోడకు ఆనుకుని కూలబడింది. బియ్యం సంచి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది.

తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంది.

"జామీను సంతకం ఆడోళ్లు పెట్టొచ్చా, అయ్యగారు?"