కోడలుపిల్ల

ఈ జాతి గోదురుకప్పల్లో మిగిలింది మా ల్యాబులో ఉన్న ఒక్క మగదే. మాస్టారు దాన్ని "మావాడు" అంటారు. దానికి జోడీ కోసం కొండవాగులన్నీ జల్లెడ పట్టాం. చివరికి ఒకటి దొరికింది. ఒళ్లు బొద్దుగా ఉండేసరికి ఆడదే అనుకున్నాం. మాస్టారు దానికి కోడలుపిల్ల అని పేరు పెట్టి, తొట్టిలో నాచు కూడా తనే సర్దారు.

ఇవాళ రెంటినీ కలిపాం. మగది ఒక్క గెంతులో దాని వీపెక్కి గట్టిగా కరుచుకుంది.

"ఇక ఇల్లంతా పిల్లలేనమ్మాయ్," అన్నారు మాస్టారు, అద్దానికి ముక్కు ఆనించి.

అంతలో కిందున్న కోడలుపిల్ల కిర్రు కిర్రుమని అరిచింది. మగది పట్టు వదిలేసి మూలకి పోయింది.

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. తుడుస్తూనే ఉన్నారు.

"సిగ్గుపడుతోంది," అన్నారు. "కొత్త కదా, అలవాటు పడనీ."

కాసేపటికి ఈ మూల నుంచి ఒకటి, ఆ మూల నుంచి ఇంకొకటి గొంతెత్తి బెకబెకమనడం మొదలుపెట్టాయి.

"విన్నావా, ఒకళ్లనొకళ్లు పిలుచుకుంటున్నారు."

"అవును మాస్టారూ," అన్నాను.

ఈ జాతిలో ఆడకప్పలు మూగవి. ఉద్యోగంలో చేరిన మొదటిరోజు నాకా సంగతి చెప్పింది ఆయనే.