శనివారం తరవాణి

శనివారం ఉదయం గేటు చప్పుడైంది.

తులసి దగ్గర దీపం పెడుతున్న ఉషారాణి తల తిప్పకుండానే గుర్తుపట్టింది. సుకవారా బాయి.

రతన్‌పూర్ నుంచి బస్సులో వస్తుంది. మెట్టు మీద కూర్చుని గ్లాసుడు తరవాణి తాగుతుంది. వెళ్ళిపోతుంది. ఎన్నో ఏళ్ళుగా అంతే. వీళ్ళు రైల్వే క్వార్టర్ మారి వారమే అయినా, ఎవరిని అడిగిందో, కొత్త ఇల్లు కనుక్కుని వచ్చేసింది.

ముసలామె తన గ్లాసు చాపింది.

తరవాణి అంటే పెద్దదేమీ కాదు, కుండలో పులిసిన గంజి. అడుగున కొంచెం ఉంచి, దాని మీద రోజూ కొత్త గంజి పోస్తారు. అత్తగారు అప్పయమ్మ ఆ కుండని యాభై ఏళ్ళుగా ఖాళీ కానివ్వలేదు. కాపురానికి ఈ హిందీ ఊరు వస్తూ బొబ్బిలి నుంచి తెచ్చానని చెబుతుంటుంది.

అన్నం పెడతానన్నా, పాత చీర ఇస్తానన్నా సుకవారా పుచ్చుకోదు. ఈ పుల్లనీళ్ళ కోసం అంత దూరం నుంచి ఎందుకు రావాలి? వాళ్ళ వైపు ఇంటింటా నీళ్ళు పోసి పులవబెట్టిన బాసీ అన్నం తింటారు కదా. ఉషారాణికి అంతుపట్టేది కాదు. శనివారం వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదని మాత్రం పోసేది.

"కుండ లేదు, దాయీ," అంది హిందీలో.

"పగిలిందా?"

"పారబోశాను. పాలు పొంగించే ఇంట్లోకి పులిసిన కుండ తేకూడదనిపించింది."

"మొత్తం?"

"మొత్తం."

"గరిటెడైనా ఉంచలేదా, నోనీ?" కూతురిని అడిగినట్టు అడిగింది.

"లేదు. అన్నం పెట్టనా?"

ముసలామె తల అడ్డంగా ఊపింది. కొంగుతో గ్లాసు తుడుచుకుని, సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

ఇల్లు మారే రోజుల్లో ఆసుపత్రిలో ఉన్న అప్పయమ్మ, నెలాఖరుకి ఇంటికి వచ్చింది. కామెర్లు తగ్గాయి గానీ నోరు చచ్చిపోయింది. జావ ఇస్తే ఉమ్మేసింది. ఇడ్లీ తుంచి పెడితే పక్కకి నెట్టేసింది.

"లోపలికి ఏదో ఒకటి వెళ్ళాలి. లేకపోతే మళ్ళీ ఇక్కడికే తేవాల్సి వస్తుంది," అని డాక్టరు చెప్పే పంపాడు.

"తరవాణి ఇయ్యమ్మీ. అదైతే దిగుతాది," అంది అప్పయమ్మ.

నిజం చెప్పే ధైర్యం లేక ఉషారాణి కొత్త కుండ తెచ్చి గంజి పోసింది. నాలుగో రోజుకి పులిసింది. గ్లాసు అత్తగారి నోటికి అందించింది.

అప్పయమ్మ ఒక గుక్క తాగి గ్లాసు దింపేసింది.

"ఇది కాదు."

"ఇంకా పులవలేదేమో అత్తమ్మా."

"పులుపు సంగతి కాదే. ఇది ఏరేది."

ఉషారాణి వంటింట్లోకి వెళ్ళి భర్తకి అంతా చెప్పేసింది. రమణబాబు లోకో షెడ్‌లో పనిచేస్తాడు.

"దానికంత బెంగేటి? బొబ్బిలి నుంచి వచ్చిందే కదా. మళ్ళీ అక్కడి నుంచే తెప్పిద్దాం," అన్నాడు.

బొబ్బిలిలో ఉన్న మేనమామకి ఫోన్ చేశాడు. రెండో రోజుకల్లా అటు నుంచి వచ్చే కోర్బా బండిలో తరవాణి సీసా వచ్చింది.

"టికెట్టు లేకుండా వచ్చిన తరవాణమ్మా ఇది. టీటీయే దగ్గరుండి తెచ్చాడు," అంటూ తల్లి చేతికి గ్లాసు ఇచ్చాడు.

అప్పయమ్మ నవ్వింది. తాగింది. నవ్వు ఆగిపోయింది.

"ఇదీ కాదురా."

"నీ పుట్టింటిదేనే అమ్మా."

"అందుకే కాదు."

అప్పయమ్మ కోడలి వైపు తిరిగింది.

"ఉషా, మన కుండేటయినాది?"

ఉషారాణి తల దించుకుని చెప్పింది. శనివారం ముసలామె వచ్చి వెళ్ళిన సంగతి కూడా చెప్పింది.

"సుకవారాకి నేదని చెప్పీసినావా? ఏటన్నాది?"

"గరిటెడైనా ఉంచలేదా అని అడిగింది. గ్లాసు తుడుచుకుని వెళ్ళిపోయింది."

అప్పయమ్మ చేతిలో గ్లాసు కింద పెట్టేసింది.

"బొబ్బిలి కుండ ఈ స్టేషన్లో దిగినప్పుడే పగిలిపోనాది," అంది. "కొత్త కోడలు కుండ పగలగొట్టుకుని వస్తే మా అత్త గడప తొక్కనిస్తాదా? ప్లాట్‌ఫారం మీద కూకుని ఏడస్తన్నాను. ఆకుకూరలమ్మే పిల్ల ఒకర్తి, తను తినడానికి తెచ్చుకున్న బాసీ, చెంబుతో నా చేతిలో ఎట్టీసింది. ఆ నీళ్ళతోనే మన కుండ మొదలెట్టినాను. ఇంట్లో మాత్రం బొబ్బిలిదని చెప్పినాను. ఆ పిల్లే సుకవారా. ఇన్నేళ్ళు మన మెట్టు మీద కూకుంది గానీ, ఒక్కనాడూ ఆ మాట బైటెట్టనేదు."

ఉషారాణికి సిగ్గేసింది. ఆ వెంటనే ప్రాణం లేచి వచ్చింది. తరవాణి ఆమెదే అయితే, ఆమె ఇంట్లో ఉండే ఉంటుంది.

తెల్లారగానే స్టీలు క్యాను పట్టుకుని రతన్‌పూర్ బస్సెక్కింది. దిగి, అమ్మవారి గుడి వైపు తిరిగి దండం పెట్టుకుని, ముగ్గురిని అడిగి ఇల్లు పట్టుకుంది.

సుకవారా అరుగు మీద కూర్చుని తోటకూర తుంచుతోంది.

"దాయీ, అత్తమ్మ నాకు అంతా చెప్పింది. పది రోజులుగా ఆవిడ నోట్లో మెతుకు పెట్టడం లేదు. మీ కుండలోంచి ఒక్క గరిటె పోయండి," అంటూ ఉషారాణి రెండు చేతులతో క్యాను చాపింది.

ముసలామె క్యానుని మెల్లగా వెనక్కి నెట్టింది.

"మా ఇంట్లో కుండ ఎక్కడిది, నోనీ? కోడలు కుక్కర్లో వండుతుంది. గంజి రాదు. కుండ ఎండిపోయి ఇరవై ఏళ్ళు దాటింది."

"మరి స్టేషన్లో అత్తమ్మకి ఇచ్చిన బాసీ?"

"అది నేను చేసింది కాదు, మా అమ్మ చేసి పెట్టింది," అంది సుకవారా, తోటకూర పక్కన పెట్టి. "అమ్మ పోయాక ఆమె చేతి రుచి నాకు మీ మెట్టు మీదే దొరికేది."