నాలుగాకుల గడువు

"మొలిచినయా అక్కా?" అంటూ హసీనా మెట్లు దిగి వచ్చింది. వస్తూనే దగ్గింది.

వసంతమ్మ వంటింటి కిటికీ వైపు చూపించింది. కాగితం చాయ్ గ్లాసులు వరసగా ఉన్నాయి. గ్లాసుల్లో మట్టి ఉంది. మట్టి తప్ప ఇంకేమీ లేదు.

"నీకన్న ఆ కిటికీ నయం. ఎండనన్న లోపలికి రానిస్తది," అంది హసీనా. చున్నీ ముడి విప్పి మళ్లీ ఒక పొట్లం మిరప గింజలు చేతిలో పెట్టింది. "ఇగో, ఇంకోసారి పొయ్యి. నీళ్లు చిలకరించాలె అక్కా, చెరువు నింపుడు కాదు."

"ముందుగాల నీ దగ్గు సంగతి చూస్కో. మిరియాల కషాయం కాయాల్నా?"

"పడిశం. పోతది తియ్యి."

హసీనా పైవాటాలో అద్దెకు దిగి ఇరవై ఏళ్లు దాటింది. మిద్దె మీది కూరగాయల కుండీలన్నీ ఆమెవే. ఇప్పుడు ఆమె భర్త మజహర్ బోధన్‌లో ఇల్లు కట్టాడు. మోకాళ్ల నొప్పుల మనిషి కాబట్టి ఆ ఇంటికి మెట్లనేవే పెట్టించలేదు. సున్నాలయ్యాయి, ఇక వెళ్దామనేసరికి హసీనా ఒక మెలిక పెట్టింది.

కుండీలు వసంతక్కకే ఇచ్చి పోతుందట. కానీ నారు పోయడం రాని మనిషికి కుండీలు అప్పజెప్పదట. వసంతక్క తన చేత్తో పోసిన నారు నాలుగాకులు వేసిన రోజే సామాను ఎత్తాలట.

వసంతమ్మ నారు పోయడం ఇదే మొదలు. పుట్టింది ఎడపల్లి. అక్కడ ఆమె ఎరిగిందల్లా చెరుకు. గడను ముక్కలు కొట్టి పాతితే, అదే వస్తుంది. ఇక్కడ బయట పోస్తే కోతులు ఉంచవు. అందుకని నారుమడి కాస్తా వంటింటి కిటికీకి వచ్చింది.

బోధన్ ఏమంత దూరమని? బస్సులో గంట. కానీ వసంతమ్మకు బస్టాండంటేనే పడదు. ఎక్కించడానికి వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరిని పోగొట్టుకుని ఖాళీ చేతులతో తిరిగొచ్చినట్టు ఉంటుంది. ఇప్పుడు ఎవరు ఊరికి పోతున్నా గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. అద్దెకిచ్చిన మనిషిని పొమ్మనడం తెలుసు గానీ, పోవద్దనడం ఎట్లాగో ఆమెకు తెలియదు.

అందుకే హసీనా పైకి పోగానే గ్లాసులన్నీ బియ్యం డ్రమ్ము వెనక చీకట్లోకి చేరేవి. ఒక్కో గ్లాసులో మట్టి బురదయ్యేదాకా నీళ్లు పడేవి. మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే మళ్లీ కిటికీలోకి వచ్చేసేవి.

ఒకరోజు మజహరే దిగి వచ్చాడు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద ఆగి, పక్కకు తిరిగి దిగాడు.

"చెల్లే, నాలుగాకులు గాకున్నా రెండాకులన్న చూపియ్యి. ఆ బోధన్ ఇంట్ల మేకలు సంసారం పెట్టినయ్. ఇగ నేను పోతే నన్నే కిరాయి అడుగుతయేమో."

వసంతమ్మ నవ్వింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

"దుకాణంల మంచి గింజలు దొరుకుతయి. తెచ్చిస్త," అన్నాడు మజహర్.

పైనుంచి హసీనా గొంతు వినబడింది. "దుకాణం గింజలు వద్దు. నా చెట్టు గింజలే పొయ్యాలె. నేనిస్త."

"విన్నవా? నా ఇంటి తాళంచెవి ఆమె మిరపకాయల్ల ఉన్నది," అని మజహర్ మెట్ల వైపు తిరిగాడు. ఎక్కడానికి దిగినదానికన్నా ఎక్కువసేపు పట్టింది. వసంతమ్మ చూస్తూ నిలబడింది.

ఈసారి హసీనా ఇచ్చిన గింజలకు కొత్త మట్టి తెచ్చింది. మెత్తగా జల్లించి పేడ ఎరువు కలిపింది. గ్లాసుల అడుగున మేకుతో బొక్కలు పెట్టింది. గ్లాసులు కిటికీ వదల్లేదు. వేళ్లతో చిలకరించడమే, చెంబు దగ్గరికి రానివ్వలేదు. చలికి తట్టుకోవని పొద్దుగూకితే పాత ధోవతి గుడ్డ కప్పింది.

"రాండ్రి తల్లీ. నా మొకం చూడకుండ్రి, ఆ మోకాళ్లు చూడుండ్రి," అని బతిమాలింది కూడా.

మొలవాల్సిన రోజులు వచ్చాయి. పోయాయి. పుల్లతో మట్టి కదిపి చూసింది. గింజ వేసినట్టే ఉంది.

హసీనా దిగి వచ్చేసరికి వసంతమ్మ కిటికీ కింద నేల మీద కూర్చుని ఉంది.

"హసీనా, నీకొకటి చెప్పాలె. మొదట్ల నేనే నీడకు పెట్టిన. నేనే నీళ్లల్ల ముంచిన. మొలిస్తే నువ్వు పోతవని. ఈసారి మాత్రం నీ మీద ఒట్టు, పానం పెట్టి చూస్కున్న. అయినా రాలే. నా చేతిల బరకత్ లేదు. కుండీలు ఎవరికన్న ఇయ్యి. మీరు పోండ్రి. అన్న మోకాళ్లు నేను చూడలేను."

హసీనా కిటికీ దగ్గరికి వెళ్లింది. గ్లాసులు ఒక్కొక్కటీ తీసి చూసింది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని, పడిశమే అంది.

"ముసలిదానివైనవ్ గానీ అక్కా, నీకు దొంగతనం గూడ సక్కగ రాదు," అని పక్కనే కూలబడింది. "మాటంటే మాటే. నీ చేతి నారు నాలుగాకులు చూడంది నేను కదల. ఆయనకు జండూబామ్ రాస్తలే. ఇప్పుడే పోయి వేరే గింజలు తెస్త."

"ఇంక వద్దే."

"నువ్వు ఊకో."

హసీనా పైకి వెళ్లి, వంటింటి తలుపు దగ్గరికి వేసి, చున్నీ ముక్కుకు అడ్డంగా కట్టుకుని, ఎప్పటిలాగే మిరప గింజలను పెనం మీద పోసి దోరగా వేయించసాగింది.